ఉంటాను

కాలువ గట్టు మీద తలకాయలు పగలగొట్టుకోవడం మానేసి, నీళ్ల వంతుని తెరమీద ఆడే కోటల ఆటలో తేల్చుకోవడం మొదలై ఆరేళ్లయింది. ఎవరి కోట నిలిస్తే ఆ వారం నీళ్లు వాళ్ల ఊరివే. కాలువ చివరి ఊరికి రాయబారి మంగతాయారు. పై ఊరికి రాణి ఆమె వియ్యపురాలు ప్రమీల.

ఆ సాయంత్రం మంగతాయారు గోంగూర వలుస్తూనే ఫోన్లో సంధి మాట్లాడుతోంది; సంధి మాటలన్నీ ఆట వింటూ రాసుకుంటుంది. గోడమీది తెరలో ప్రమీల డ్రాగన్లు మంగతాయారు కోట చుట్టూ తిరుగుతున్నాయి.

"సగం నీళ్లన్నా వదులు వదినా. మా నారుమళ్లు ఎండిపోతున్నాయి."

"మావి మాత్రం పచ్చగా ఉన్నాయా? కుదరదు వదినా."

మంగతాయారుకి ఒళ్లు మండిపోయింది. అయినా ఫోన్ పెట్టేసే ముందు అలవాటుకొద్దీ అనేసింది: "సరే, ఉంటాను వదినా."

తెరమీద అక్షరాలు వెలిగాయి. "మంగతాయారు మాట ఇచ్చింది: మీతో ఉంటాను. అవతలివారూ అదే మాట అంటే పొత్తు, నీళ్లు చెరిసగం. అనకపోతే మంగతాయారు లొంగిపోయినట్టే."

గోంగూర కట్ట చేతిలోంచి జారిపోయింది. ఫోన్ పెట్టేసేటప్పుడు అందరూ అనే మాటని ఆ పాడు ఆట ఒట్టు కింద రాసేసుకుంది! అవే అక్షరాలు ప్రమీలకీ కనిపిస్తున్నాయి. ఆవిడ కిక్కురుమనకుండా ఫోన్ పెట్టేస్తే చాలు, నీళ్లన్నీ వాళ్లవే.

డ్రాగన్లు కోటగోడ మీదికి దిగుతున్నాయి.

"ఎంత పోట్లాడుకున్నా," అంది చివరికి ప్రమీల, "ఆ మాట అనకుండా ఫోన్ పెట్టేసే వంశం కాదమ్మా మాది. ఉంటాను వదినా."