నోరు మంచిది కాని లాయరమ్మ

సోమవారం ఉదయం పదకొండు గంటలకు వడ్రంగి లాయరమ్మ గదిలోంచి లేచి వచ్చేశాడు.

బావతో కలిసి పెట్టబోయే కుర్చీల షాపుకు భాగస్వామ్య పత్రం రాయించాలని ఇద్దరూ వెళ్లారు. ఆ లాయరమ్మను చూసిపెట్టింది బావే.

ఆమె పేర్లు రాసుకుంది. చెరిసగం అని రాసుకుంది. కలం ఆపింది.

"మీలో ఒకరు పోతే, ఆ సగం ఎవరికి?"

"పోవడమేంటండీ? ఇంకా షాపు తలుపే తీయలేదు."

"తీయకముందే రాసుకోవాలి."

"ఈయన మా అక్క మొగుడమ్మా. మీ నోట ఒక్క మంచి మాటైనా రాదా?"

బావ ఏదో అనబోయాడు. వడ్రంగి అతని చెయ్యి పట్టి లేపాడు.

మెట్ల మీద బావ ఆగాడు. "ఒరేయ్, ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందిరా? వెనక్కి వెళ్దాం పద."

"ఆడవాళ్లు గట్టిగా అడిగితే చాలు, తల ఊపేస్తావు బావా. మా అక్క బాగానే అలవాటు చేసింది."

బావ నవ్వి మెట్లు దిగాడు.

రెండో లాయరును వడ్రంగే వెతికాడు. ఆయన టీ తెప్పించాడు. ప్రశ్నలు వేయలేదు. అరగంటలో పత్రం చేతికిచ్చాడు.

"లాయరంటే ఇలా ఉండాలి" అన్నాడు వడ్రంగి.

షాపు నడిచింది. అయిదో నెలలో బావ ఆస్పత్రిలో చేరాడు. కాలేయం అన్నారు. వారం తిరక్కుండానే పోయాడు.

ఆ వెంటనే బావ వాళ్ల అన్న కోర్టుకెక్కాడు. తమ్ముడు పెట్టింది ఉమ్మడి సొమ్మని, ఆ సగం తనదని. పత్రంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. తేలేదాకా షాపుకు తాళం వేశారు.

అక్క ఆ తాళం ముందు నిలబడింది.

"ఇద్దరూ కూర్చుని సంతకాలు పెట్టారు కదరా. నేనొకదాన్ని ఉన్నానని ఒక్కరికీ గుర్తు రాలేదా?"

వడ్రంగి మర్నాడు లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె గుర్తుపట్టింది. కూర్చోమంది.

"ఆ రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకండమ్మా. బావ పోయాడు. మా అక్క తరఫున మీరే నిలబడాలి."

"నిలబడతాను. తాను పోయాక మీరొస్తే ఒక సంగతి మీకు చెప్పమని, ఆస్పత్రిలో చేరేముందు మీ బావగారు నాతో అన్నారు."

"నాకా?"

"ఆ సోమవారానికి ముందే ఆయన ఒక్కరే వచ్చారు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు అప్పటికే చెప్పేశాడట. 'మావాడికి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఒకరు పోతే ఆ సగం ఎవరికని మీరే అడగండి, అక్కడే చెప్పేస్తాను' అన్నారు."