రంగూన్‌లో ఎత్తి తాగిన నీళ్లు

"ఒరేయ్ పానకాలూ, ఆ కుండలో కప్పలున్నాయేమోరా!" అన్నాను మా మేనల్లుడి చెవిలో. మంగళగిరి చీరలమ్ముతూ పొద్దుటినుంచి రంగూన్ వీధుల్లో తిరిగి ఇద్దరం ఆకలితో నకనకలాడుతూ ఓ బర్మా ముసలమ్మ తిండి కొట్టు ముందు ఆగాం.

"చేపల పులుసే" అంది కొట్టు ముసలమ్మ, మన కూలీల దగ్గర నేర్చిన తెలుగులో.

నమ్మకం కుదరక, మొదట మంచినీళ్లడిగాను. గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకున్నాను.

ముసలమ్మ మాకోసం పెట్టిన గిన్నెలు వెనక్కి లాక్కుంది. "నా గ్లాసంటే అంత రోతా? పొండి!"

"మా ఊళ్లో పెళ్లాం ఇచ్చినా ఎత్తే తాగుతామమ్మా. గ్లాసు ఎంగిలి చెయ్యం."

"అబద్ధం" అంది. కుండను నేనెలా చూశానో, నన్నూ అలాగే చూస్తోంది.

"మూతి పెట్టి తాగు మామా, నా ప్రాణం పోతోంది!" అన్నాడు పానకాలు.

మళ్లీ నీళ్లడిగి, గ్లాసు అంచు పెదవులకు ఆనించి తాగాను. ముసలమ్మ నవ్వలేదు గానీ, పులుసు పోసి మొదటి గిన్నె నా చేతికే ఇచ్చింది.