కొబ్బరికాయ కుస్తీ

నెరిసిన మీసాల మనిషి లంగోటా బిగించి బరిలోకి దిగగానే జనం గొల్లుమన్నారు.

“పోశన్నా, ఇంటికి పోయి మనుమల్ని ఆడిచ్చుకోరాదు!” అని ఎవరో అరిచారు.

పోశన్న పట్టించుకోలేదు. ఒంటికి మన్ను రుద్దుకున్నాడు.

బోధన్ దగ్గరి ఆ ఊరి జాతరలో మొదటి కుస్తీకి కొబ్బరికాయ, ఆఖరి కుస్తీకి వెండి కడియం. కడియం కోసం నాందేడ్ నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. కొబ్బరికాయకు దిగేది కొత్త కుర్రాళ్లే. పోశన్న మాత్రం ఏళ్ల తరబడి అక్కడే దిగుతాడు, అక్కడే ఓడుతాడు. అదేం పట్టుదలో ఆయనకే తెలియాలి.

ఆ రోజు ఎదురుగా నిలబడ్డది నవీపేట్ సాయికుమార్. ఆ ఏడాది దిగిన ప్రతి బరిలోనూ ఓడాడు. ఇవాళ కూడా ఓడితే లంగోటా మళ్లీ కట్టనని ఇంట్లో చెప్పి మరీ వచ్చాడు.

పోశన్నను నడుం పట్టి ఎత్తి వేశాడు. ముసలాయన వీపు మన్నుకు తాకింది. డప్పులు మోగాయి.

గెలిచాడు! సాయికుమార్ కాళ్లు నేల మీద నిలవలేదు.

కుస్తీలు నడిపే బాలనర్సయ్య కొబ్బరికాయ చేతిలో పెడుతూ చెవిలో ఊదాడు.

“గంత ఉబ్బకు. పోశన్న కావాల్ననే పడిపోతడు. కొత్తోళ్లకు ధైర్యం రావాల్నని.”

సాయికుమార్‌కు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లకు దక్కిన ఒక్క గెలుపు, అదీ భిక్షమేనా?

కొబ్బరికాయ తీసుకెళ్లి పోశన్న ముందు పడేశాడు.

“నీ దయ నాకక్కెర లేదు కాకా.”

“దయేంది?” పోశన్న ఇంకా ఆయాసపడుతున్నాడు. “వచ్చే శనివారం మీ నవీపేట్లనే ఉన్నయి కుస్తీలు. రా, మల్ల పడదాం.”

“మల్ల పడిపోతవా?”

“పడ్తనో పడగొడ్తనో గాడ సూద్దాం.”

“ఈ వయసుల ఎన్నొద్దులు కొట్లాడుతవ్? సాలు ఇగ.”

“కొట్లాట ఒడుస్తదని, దానికో ఆఖరుంటదని నీకెవడు చెప్పిండ్రా?” పోశన్న కళ్లెర్రజేశాడు. “ఒడువది. ఒడువకుంటే ఒడువకపాయె. నేనైతే దిగుత.”

శనివారం సాయికుమార్ గడప దాటలేదు. లంగోటా అటక మీదికి విసిరేసి, మర్నాటి నుంచి చెరకు ట్రాక్టరు తోలుకుంటూ ఉండిపోయాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ అదే జాతర. చూడకుండా ఉండలేక వచ్చాడు. పోశన్న కనబడలేదు.

“వానకాలంల గుండె ఆగి పోయిండు,” అన్నాడు బాలనర్సయ్య. “గా పల్లికాయ అమ్మేది ఆయన భార్యనే, ముత్తవ్వ.”

సాయికుమార్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

“అవ్వా, పోశన్న కాక మస్తు మంచోడు. కొత్తోళ్ల కోసం కావాల్ననే ఓడిపోయేటోడట గదా.”

ముత్తవ్వ చేతిలోని తక్కెడ ఆగిపోయింది.

“కావాల్ననా! ఎవడన్నడు గా మాట? వాని నోట్లె మన్నువడ! ఓడినప్పుడల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టకపోయేది. పోయినేడు నవీపేట్ పోరడెవడో ఎత్తేసిండు. శనివారం పోయి పొద్దుగూకేదాక వాని కోసమే కూసున్నడు. ఇంకొకనితోని పట్టనే పట్టలే.”

అంటే సాయికుమార్ గెలుపు నిజమే. ఆ మనిషి తనను గెలవాలనే కాచుకుని కూర్చున్నాడు. తనే దొంగలా ఇంట్లో దాక్కున్నాడు.

“కొబ్బరికాయ కుస్తీకి ఎవరన్న ఉన్నరా?” బరిలోంచి బాలనర్సయ్య అరుస్తున్నాడు.

సాయికుమార్ లేచి అంగీ విప్పాడు.

“నువ్వు గూడ కుస్తీ పడ్తవా? ఏ ఊరు బిడ్డా?” అంది ముత్తవ్వ.

“నవీపేట్ అవ్వా. కాకను ఎత్తేసింది నేనే.”

ముత్తవ్వ అతణ్ని కింది నుంచి పైదాకా చూసింది.

“పానం పోయిన పొద్దు గూడ వాకిట్ల గుంజను వట్టుకొని, నీ పట్టు ఎట్ల ఇడిపిచ్చుకోవాల్నో గదే నేర్సుకుంటుండె బిడ్డా మా ఆయన.”