విడిచిన చొక్కా

"గడప దాటకే పిల్లా! ఆడింకా గుడ్డలు ఇడవనేదు."

అత్త అసిరమ్మ కేకకి నాగమణి పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది. తడిక అవతల భర్త సూరన్న నీళ్లు తోడుకుంటున్న చప్పుడు. రోజూ ఓడరేవులో పని నుంచి వెనకసందులోనే వస్తాడు. బట్టలు పెరట్లో వదిలి, ఒళ్లు కడుక్కున్నాకే ఇంట్లోకి అడుగు పెడతాడు. ఆ బట్టలు అసిరమ్మే ఉతుకుతుంది. కోడలిని ముట్టనివ్వదు.

"ఇడవడం ఏటత్తా? మా తుని వైపు ఇప్పడం అంటారు."

"ఇప్పడమంటే ముడి ఇప్పడమే. మా అత్త ఇడవడమనీది. మా మావ బురదపంచె గట్టుమీదే ఇడిసీసి, కాలవలో మునిగి వచ్చీవోడు. సేలో కట్టం సేలోనే ఉండిపోవాల, ఇంటికి తేకూడదు. ఇడవడమంటే అదీ."

కాసేపటికి తూములోంచి నీళ్లు ఎర్రగా పారాయి. ఓడలకెక్కించే ఇనుపఖనిజం దుమ్ము. ఆ ఎరుపు చూసినప్పుడల్లా నాగమణి చెయ్యి కడుపు మీదికి పోతుంది. చొక్కాలోనే ఇంత ఉంటే, మనిషి గుండెల్లో ఎంత పేరుకుందో!

అన్నం పెడుతూ అడిగింది. "ఆ పని మానీ మావా. స్టీలుప్లాంటుకి మనుషుల్ని తీసుకుంటన్నారట."

సూరన్న చేతిలో ముద్ద ఆగింది. "ఇప్పుడేటైందని? దగ్గు తగ్గిపోనాది కదేటి."

"దగ్గు తగ్గింది. నీళ్లు మాత్రం ఎర్రగానే పోతన్నాయి."

అతను తల్లి వైపు చూశాడు.

"తినీటప్పుడు ఏటా మాటలు?" కసిరింది అసిరమ్మ. "ముందు పురుడు పోసుకొని లెగు. అప్పుడు సూద్దాం."

 నాగమణి గిన్నెలు తోమబోతే, పొడి చేసుకునే ఇటుకముక్క అప్పుడే అరిగి ఉసిరికాయంత అయి ఉంది.

"ఇంకోటి తెత్తాన్లే," అంది అసిరమ్మ, అటు చూడకుండా.

భర్త ఆరోగ్యం గురించి అడిగే హక్కు కూడా తనకి లేదా? ఇన్నాళ్లయినా తను పరాయిదేనా?

మర్నాడు నిశ్చయించుకుంది. ఆ చొక్కా తనే పట్టుకోవాలి. అతని ముందు పరిచి, దుమ్మంతా చూపించి, పని మాన్పించాలి. సూరన్న స్నానం చేసి వీధిలోకి వెళ్లగానే చప్పుడు చేయకుండా గడప దాటింది.

చొక్కా బండమీద ఉంది. తీసి దులిపింది. ఏమీ రాలలేదు. పొద్దున తను మడతపెట్టి ఇచ్చినంత శుభ్రంగా, రేవు మొహమే చూడనట్టు ఉంది.

తలెత్తి తూము వైపు చూసింది.

అసిరమ్మ కొత్త ఇటుకను అరగదీసి బకెట్లో కలుపుతోంది.