మళ్ళీ ఒక్కసారి చెప్పు బాబూ

"ఆయన ఇయ్యాల గూడ వచ్చిండనుకో, నేనే పోయి గేటుకు తాళమేస్త," అంది ప్రభావతి, చాయ్ గ్లాసులు ట్రేలో టకటకా పెడుతూ.

"అమ్మా, జర నెమ్మదిగ. కిందింటోళ్ళకు వినవడ్తది."

"వినవడనీ! వాళ్ళు గూడ అదే అడుగుతున్నరు, ఎవరాయన అని."

తల్లీకొడుకుల మధ్య ఈ గొడవ ఇడ్లీల దగ్గర మొదలై చాయ్ దాకా వచ్చింది.

చిక్కడపల్లిలో వాళ్ళ మేడమీది ముందుగదిలో ప్రతి ఆదివారం శ్రావణ్ కొత్తవాళ్ళకి లినక్స్ నేర్పిస్తాడు. కంప్యూటర్‌ని నడిపించే, పైసా పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్. నేర్పడమూ ఉచితమే. పాత లాప్‌టాప్ తెచ్చుకుంటే చాలు. అతనూ అతని స్నేహితులూ అందులో లినక్స్ ఎక్కించి, ఎలా వాడుకోవాలో చూపించి పంపుతారు. మొదట్లో గది నిండిపోయేది. అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళు.

తర్వాత రావుగారు వచ్చారు.

నారాయణగూడ నుంచి, గుడ్డసంచీలో లాప్‌టాప్ పెట్టుకుని వచ్చారు. వీళ్ళు లినక్స్ ఎక్కించి ఇచ్చారు. మరుసటి ఆదివారానికి అంతా తుడుచుకుపోయింది. "ఏదో నొక్కాను బాబూ," అన్నారు. ఇంకో వారం, వేడెక్కిందని లాప్‌టాప్‌ని ఫ్రిజ్‌లో పెట్టానన్నారు. మరో వారం, భద్రంగా ఉంటుందని పెన్‌డ్రైవ్‌ని దేవుడి పటాల ముందు పెడితే దాని మూతి నిండా కుంకుమ. శ్రావణ్ పాత టూత్‌బ్రష్ తెచ్చి దులుపుతూ కూర్చున్నాడు.

ఆయన ఒక్కరితోనే పూట గడిచిపోయేది. వంతు రాక కోచింగ్ పిల్లలు మానేశారు. నేర్పేవాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలిన అనురాగ్ నిన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఆయన నారాయణగూడల ఉన్నంతకాలం నేను చిక్కడపల్లికి రాను."

"గింత గదిల ఒక్క ముసలాయన, ఒక్క నువ్వు," ప్రభావతి ఆపలేదు. "దినమంత ఫ్యాను తిరగవట్టె. చాయ్‌లకే పాలన్నీ ఒడవవట్టె. సంబంధం తెస్తే రెండు నెలలు ఆగమంటివి, ఆగితిమి. నువ్వు చేసిందేంది? ఆయనకు మౌస్ పట్టుడు నేర్పినవ్! ఇగ విను. ఇయ్యాల ఆయన నేర్చుకున్నడా, సరే. లేకుంటే వచ్చే ఆదివారం సంది ఈ ఇంట్ల నీ కంప్యూటర్లు బంద్. ఏమండి, మీరన్న చెప్పుండ్రి!"

ఇంద్రసేన పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నాడు. "నేను ఇంట్ల లేననుకోండ్రి."

శ్రావణ్‌కి తెలుసు, అమ్మ అన్నంత పనీ చేస్తుంది. నాలుగేళ్ళు తిరిగి, పోస్టర్లు అంటించి, ఒక్కొక్కరినీ బతిమాలి నిలబెట్టుకున్న ఆదివారం అది.

గేటు చప్పుడైంది. ముందు గుడ్డసంచీ, వెనక రావుగారు.

"బాబూ, అంతా నల్లగా అయిపోయింది."

మళ్ళీ మొదటినుంచి. ఎక్కించడం అయ్యేసరికి ఎండ గోడ దిగి గదిలోకి వచ్చింది.

"ఇప్పుడు మీ పాస్‌వర్డ్ కొట్టుండ్రి, అంకుల్."

రావుగారు ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టారు. "ఏమీ పడటంలేదే!"

"పడ్తున్నది అంకుల్. ఇక్కడ పాస్‌వర్డ్ బయటికి కనవడదు."

"కనపడకపోతే పడిందని ఎలా తెలుస్తుంది?"

"నమ్మాలె, అంకుల్."

"మళ్ళీ ఒక్కసారి చెప్పు బాబూ."

శ్రావణ్ మళ్ళీ చెప్పాడు. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది.

"ఏమిటి కుసుమా? గ్యాస్ బుక్ చెయ్యడమా? మొన్ననేగా చెప్పాను! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆ బుర్రలో ఏముంది? పెట్టెయ్ ఫోను!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. రావుగారు ఫోన్ జేబులో వేసుకుని, వెన్నలా మెత్తబడి ఇటు తిరిగారు.

"ఊఁ, బాబూ. పడిందని ఎలా తెలుస్తుందన్నావు?"

ప్రభావతి గరిటెతోనే వచ్చేసింది. పేపరు మడుచుకుంటూ ఇంద్రసేన కూడా లేచి వచ్చాడు.

"అన్నా, మీకో దండం," అంది ప్రభావతి. "ఇంట్ల ఆమెను రెండోసారి అడగనియ్యరు. మా పిలగాన్ని మాత్రం అడిగిందే అడుగుతరు. ఇదేం న్యాయమన్నా?"

రావుగారు కీబోర్డు మీంచి చేతులు తీసేశారు.

"అమ్మా, నువ్వు ఊకో," అన్నాడు శ్రావణ్. తర్వాత ఆయన వైపు తిరిగాడు. గొంతులో విసుగు లేదు. "అంకుల్, వచ్చే ఆదివారం నుంచి ఇక్కడ క్లాసు ఉండదు. మీరు పరేషాన్ కాకుండ్రి. అడ్రస్ చెప్పుండ్రి, నేనే మీ ఇంటికొస్త. ఆంటీకి గ్యాస్ బుక్ చేసుడు గూడ చూపిస్త. ఎన్నిసార్లడిగినా చెప్త."

రావుగారు లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకోకుండా ఆగి, ఇంటిల్లిపాదికీ వినపడేలా నిదానంగా అన్నారు.

"అమ్మా, రెండు నెలల క్రితం మా అమ్మాయి హారతి, చేసుకుంటే మీ అబ్బాయినే అన్నప్పట్నించీ, వాళ్ళమ్మకి దొరికిన నాలాంటి మొగుడే దానికీ దొరుకుతాడేమోనన్న భయంతో, అతని ఓపిక చూద్దామని వచ్చిపోతున్నాను, నేనింక రాను, మీరే ముగ్గురూ మంచిరోజు చూసుకుని మా ఇంటికి రండి."