కింది గదికి అద్దె

"సంతకం పెట్టను," అంది కెండ్రా. కాగితాన్ని వంటగది బల్ల మీద అవతలికి తోసేసింది. అది పోయి సిరప్ మరకకి అతుక్కుంది.

మరీన్ దాన్ని మెల్లగా ఊడదీసి తడిగుడ్డతో తుడిచింది.  

శనివారం పొద్దున. బయట మోకాలి లోతు మంచు. కెండ్రా భర్త టాడ్ గ్యారేజీలో మంచు తోసే యంత్రంతో కుస్తీ పడుతున్నాడు. రెండేళ్ల రైలీ ఎత్తుకుర్చీలో కూర్చుని పాన్‌కేక్ ముక్కల్ని ఒక్కొక్కటే కిందికి వదులుతోంది.

"అద్దె అడిగింది నువ్వే కదా," అంది మరీన్.

"అడిగాను. సంపాదించి ఇమ్మన్నాను. ఆ డబ్బులోంచి కాదు."

నర్సింగ్ కాలేజీలో మరీన్‌కి ఇది రెండో సెమిస్టర్. బేస్‌మెంట్ గదిలో ఉంటుంది. జనవరి నుంచి ఆ గదికి నెలకి నాలుగు వందల డాలర్లు ఇవ్వాలంది కెండ్రా. ఇవ్వాలంటే మరీన్ మళ్లీ సూపర్‌మార్కెట్‌లో గల్లా దగ్గర నిలబడాలి. నిలబడితే చదువు మానుకోవాలి.

దారి కాలేజీ ఆఫీసులోనే దొరికింది. చదువు కోసం డబ్బు దాచిన ఖాతాలోంచి ఫీజే కాదు, ఇంటి నుంచి వచ్చి చదువుకునేవాళ్లు గదికీ తిండికీ కూడా కొంత తీసుకోవచ్చట. అద్దె నిజమేనని ఇంటివాళ్లు కాలేజీ ఫారం మీద సంతకం చేయాలి. సోమవారం ఆఖరు.

"ఆ డబ్బు నీకోసం దాచింది కాదు," అంది కెండ్రా.

ఖాతా మొదట ఎవరి పేరున తెరిచారో ఇద్దరికీ తెలుసు. ఆ మనిషి ఒక్క సెమిస్టరైనా పూర్తి చేయకుండా పుస్తకాలు అమ్ముకున్న సంగతీ తెలుసు. ఆ పేరు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

"ఇప్పుడు దాని మీద నా పేరుంది."

"ఉంటే? ఇంటి కప్పు కారుతోంది. ఆ ఖాతా మూసేస్తే కప్పు వేయించొచ్చు. చదువుకి వాడలేదని పన్ను కింద కొంత కోత పడుతుంది, పడనీ. నువ్వు నర్సువై ఎవర్ని బాగుచేయాలట?"

"నీతోనే మొదలుపెడతా. ఆ నోటికి మందుందేమో చూస్తా."

గ్యారేజీ తలుపు తెరుచుకుంది. టాడ్ తల లోపలికి పెట్టాడు. "ఎవరైనా చచ్చిపోయారా?"

"ఇంకా లేదు," అన్నారిద్దరూ ఒకేసారి. తల వెనక్కి పోయింది. తలుపు మూసుకుంది.

మరీన్ ఫ్రిజ్ వైపు చూసింది. దాని మీద ఇంటిపనులు మార్కర్‌తో రాసే తెల్లపలక. గిన్నెలు, మరీన్. బట్టలు, మరీన్. చెత్త, మరీన్. పొద్దున రైలీ, మరీన్. సాయంత్రం రైలీ, మరీన్. టాడ్ పేరు ఒక్కచోటే ఉంది, అదీ మంచు పడినప్పుడు. పరీక్ష ముందు రోజు కూడా పిల్లని ఒళ్లో వేసుకునే చదువుకుంది. ఆదివారం చుట్టాలొస్తే, "కాలేజీ అమ్మాయిగారు వేంచేశారు, లేచి నిలబడండి," అని కెండ్రా అందర్నీ నవ్వించింది. ఆ నవ్వులు వింటూనే మరీన్ రెయిలింగు పట్టుకుని పద్నాలుగు మెట్లూ దిగింది. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని, బోర్డు మీది ప్రతి అక్షరం రాసుకునే మనిషి. ఎవరి నవ్వులకీ జవాబు చెప్పలేదు. ఇన్నాళ్లూ.

"నా ఇంట్లో ఉన్నన్నాళ్లు నా మాటే నడవాలి," అంది కెండ్రా.

ఆ మాట మరీన్‌కి కొత్త కాదు. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

"అయితే నీ ఇంట్లో ఉండను. హాస్టల్‌కి పోతాను. హాస్టల్ గదికి ఆ ఖాతాలోంచి కట్టుకోవచ్చు. నీ సంతకంతో పనిలేదు."

కెండ్రా పగలబడి నవ్వింది. "హాస్టల్లో, నువ్వు! రెండో రోజే ఫోన్ చేస్తావు, వచ్చి తీసుకుపొమ్మని. ఆ గోల నీవల్ల అవుతుందా?"

"ఇక్కడి గోల కన్నానా?"

మరీన్ సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మూడో అంతస్తు, పన్నెండో గది. అడ్వాన్సు కట్టిన రసీదు కూడా కుట్టి ఉంది.

కెండ్రా నవ్వు ఆగిపోయింది. "మరి సోమవారం రైలీని ఎవరు చూస్తారు?"

"పలక మీద రాసుకో."

మరీన్ లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. తన పేరున్న ఐదు గళ్లనీ అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది. చెయ్యి నల్లగా అయింది. రైలీ చప్పట్లు కొట్టింది.

కెండ్రా ఖాళీ గళ్ల వైపు చూసి, కాలేజీ ఫారాన్ని తన ముందుకి లాక్కుంది.

"పెన్నిలా ఇయ్యి," అంది కెండ్రా. పళ్లు బిగించి సంతకం చేసింది. "నాలుగు వందలు. ఒకటో తారీకున. మరి గిన్నెలు?"

"అద్దె కట్టేవాళ్లు ఇంటివాళ్ల గిన్నెలు తోమరు. రైలీని మాత్రం చూస్తాను, క్లాసు లేనప్పుడు." మరీన్ కాగితం మీద వేలు పెట్టింది. "కింద ఇంకో గడి ఉంది. అదీ నింపు."

'ఇంటి యజమాని విద్యార్థికి ఏమవుతారు?' అని ఉందక్కడ.

కెండ్రా తలెత్తకుండా, తన పేరు పక్కనే కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది: కూతురు.