తెల్లచీర కింద అయిదు పేర్లు

“ఈ ఫొటో తీసిందెవరు?”

వీరేంద్ర తన ఫోను రత్నమణి ముఖం మీదకి తెచ్చాడు. బొగ్గు యార్డు కంపెనీ ఆఫీసరు, మడత నలగని తెల్లచొక్కా. ఫోనులో ఉన్నది మల్కాపురంలోని ఈ డాబానే. తీగ మీద ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర, సగం నల్లబడి ఉంది.

“అయిదుగురం తీసేం బాబూ.”

“ఒక్క బటన్ అయిదుగురు నొక్కుతారా?”

“ఒకలు సీర ఉతికేరు, ఒకలు ఆరేసేరు, ఒకలు తేదీ రాసిన పలక అట్టుకున్నారు. సాయం పట్టినోలందరి పేర్లూ కింద రాత్తాం. మా పద్దతంతే.”

“బొగ్గుపొడి చల్లి నాటకాలాడుతున్నారా? అబద్ధపు ఫొటో అని ఒప్పుకుంటూ ఈ కాగితం మీద సంతకాలు పెట్టండి. రేపు బొగ్గు దుమ్ము మీద కలెక్టరు గారి విచారణలో ఇది కనబడిందో, అయిదుగురి మీదా కేసే!”

రత్నమణి గది గుమ్మం వైపు చూసింది. కేసంటే మాటలా! లోపల కూతురు దీనా దగ్గు ఆగడం లేదు. ఆ దగ్గు భరించలేకే కదా ఆమె కెమెరా పట్టింది.

“మిగతావోలు పూర్ణా మార్కెట్టుకెల్లేరు. రానీండి, అందరం పెడతాం.”

“అయితే లోపల ఫ్యాను కింద కూర్చుంటా.”

“పిల్లకి దగ్గు బాబూ, మీకంటుకుంటాది. ఇక్కడే కూకోండి.”

తెల్ల ప్లాస్టిక్ కుర్చీని తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచి, డాబా మధ్యలో వేసింది. మర్యాదకేం లోటు చెయ్యలేదు. రెండుసార్లు టీ ఇచ్చింది. అతను ఫోనులోంచి తలెత్తలేదు. దూరంగా యార్డులో క్రేన్లు బొగ్గు ఎత్తి పోస్తున్నాయి.

రెండు గంటలు గడిచాక మిగతా నలుగురూ వచ్చారు. వాళ్లలో సీతాలు చేపల తట్ట దించి, భయంభయంగా గోడ వారన నిలబడింది.

“ఊఁ, పెట్టండి!”

“ఎక్కడెట్టాలో సూపండి బాబూ,” రత్నమణి పెన్ను అందుకుంది.

వీరేంద్ర విసుగ్గా కాగితంతో లేచి వచ్చాడు. అంతే, సీతాలు పలక మీద తేదీ, టైమూ గీకి కుర్చీ పక్కన చతికిలబడింది. రత్నమణి కొంగు చాటు నుంచి కెమెరా తీసి నొక్కింది.

“ఏయ్, ఏంటది?”

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. కుర్చీ చేతులూ అంచులూ నల్లగా ఉన్నాయి. అతను కూర్చున్న మేర మాత్రం తెల్లగా మెరుస్తోంది.

“దీనికి మీరూ సాయం పట్టేరు బాబూ,” అంది రత్నమణి. “ఆరో పేరు ఏటని రాయమంటారు?”